రెండంగుళాల ఖాళీ

అమ్మాయిల హాస్టలు, మూడో అంతస్తు, మెట్ల పక్క గది

అత్తయ్యకు,

నా మీద మోపిన నేరం దొంగతనం. నీ మాటలే ఎత్తి రాస్తున్నాను, లేకపోతే అలా అనలేదంటావు: "నాలుగేళ్ళు తుప్పు గీకి, అతికి, బిగించి, రంగు వేసి నిలబెట్టిన జీపు గుండెకాయను, తెల్లారితే ప్రయాణమనగా, సొంత మేనకోడలు సంచిలో వేసుకుని రైలెక్కేసింది."

ఇందులో రెండు సవరణలు. అది గుండెకాయ కాదు. డిస్ట్రిబ్యూటరు మూత కింద గిరగిరా తిరుగుతూ, ఏ సిలిండరుకు ఎప్పుడు నిప్పు అందాలో పంచిపెట్టే బొటనవేలంత రోటరు. అది లేకపోతే ఇంజను ఎంతసేపైనా దగ్గుతుంది కానీ లేవదు. రెండోది, సంచిలో వేసుకోలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. మిగతా అభియోగం అక్షరాలా నిజం.

కాబట్టి తీయలేదని వాదించి నీ సమయం వృథా చేయను. నేరాన్ని ముందే ఒప్పేసుకుంటే ఎదుటి పక్షం నోట మాట రాదని మా కళాశాల చర్చావేదికలో అందరూ నన్ను చూసి నేర్చుకున్నారు. నేను నిన్ను చూసి నేర్చుకున్నాను. నాన్న స్కూటరును వరండాలోకి గెంటి షెడ్డు ఆక్రమించిన రోజున నువ్వన్న మాట నాకింకా గుర్తుంది: "అవును తమ్ముడూ, తీసుకున్నాను. ఇప్పుడేం చేద్దామంటావు?"

ఎందుకు తీశానన్నదే అసలు ప్రశ్న. కారణం నీకు తెలుసు. అది నాకూ తెలుసన్న సంగతే నీకు తెలియదు. దాన్ని రాసేముందు నీ ఉత్తరాలే నీ ముందు పరుస్తాను. బ్రేకు డ్రమ్ము గొడవలో ఇద్దరం ఒకేసారి ఫోను పెట్టేసినప్పుడు, "ఇక జీపు మాట ఫోనులో ఎత్తకూడదు, కాగితం మీదే తేల్చుకోవాలి" అని శాసనం చేసింది నువ్వు. ఆ శాసనం పుణ్యమా అని సాక్ష్యమంతా నీ దస్తూరీలోనే ఉంది. నా ఉత్తరాలకు నకళ్ళు ఉంచుకున్నాను. ఉంచుకోనని అనుకున్నావంటే, నన్నెవరో వేరేవాళ్ళు పెంచి ఉండాలి.

కింద జత చేసినవి వరసగా చదువు. మధ్యలో లేచి వెళ్ళకు.


జత ఒకటి: మొదటి ఏడాది, నేను హాస్టలుకు వచ్చిన మూడో వారం

ఇంటి వెనక షెడ్డు

నన్ను తప్ప అందరినీ ఓడించిన మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు గీకాల్సిన వెనక ఇరుసు నువ్వు వదిలినచోటే ఉంది. నీ మీద బెంగపెట్టుకున్న సూచనలేవీ దానిలో కనబడలేదు. ఛాసిస్ పూర్తిగా బయటపడింది. తుప్పు తీసేస్తే ఇనుము మిగులుతుందనుకున్నాం కదా, కొన్నిచోట్ల గాలి మిగిలింది. డ్రైవరు పాదాలు పెట్టే రేకులో నా పిడికిలి దూరేంత కన్నం. మీ నాన్న వచ్చి తొంగిచూసి, "అక్కా, బాగుచేయడం ఎందుకే? ఆ కన్నంలోంచి కాళ్ళు దించి నడుచుకుంటూ పోవచ్చుగా" అన్నాడు. పొద్దస్తమానం మందుల దుకాణంలో దగ్గుల మధ్య కూర్చునేవాడికి ఇంత హాస్యం ఎక్కడ పుడుతోందో.

నియమం మరిచిపోకు: ఏ భాగాన్నీ బొమ్మ గీయకుండా విప్పకూడదు. ప్రతి బొమ్మకూ అంకె, ప్రతి బోల్టుకూ అంకె, అదే అంకె డబ్బా మీద. ఇప్పటికి అరవై ఒక్క ట్రేసింగు కాగితాలయ్యాయి.

ఆఫీసు వేలంలో కొన్న ఈ తుక్కు మీద ఎందుకింత పట్టుదల అని రైలెక్కుతూ అడిగావు. ముప్పై ఒక్క ఏళ్ళు సర్వే ఆఫీసులో ట్రేసరుగా కూర్చున్నాను. మగవాళ్ళు ఇదే జీపులో కొండలకు పోయి కొలతలు తెచ్చేవాళ్ళు, నేను వాటిని పటాలు చేసేదాన్ని. ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు. "మీరెందుకండీ ఆ ఎండలో, చెయ్యి పాడవుతుంది" అనేవాళ్ళు. వాళ్ళ చేతులు మాత్రం ఎండకే పుట్టినట్టు. ఈ జీపులో నాకు దక్కిన భాగం ఒక్కటే. డ్రైవరు భోజనానికి వచ్చినప్పుడు, బండిని ఎవరూ ఎత్తుకుపోకుండా రోటరు పీకి జేబులో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. ట్రేసింగు కాగితం మూల లేవకుండా దాన్నే పెట్టుకునేదాన్ని. అరగంట పాటు జీపు నాది.

ఏడో నంబరు పటంలో, కొండకు పడమట, రెండంగుళాల ఖాళీ ఉంది. కొలతల పుస్తకంలో "ఏమీ లేదు" అని రాసుకొచ్చారు. చెట్టు లేదట, గట్టు లేదట, గోడ లేదట, ఒక్క గుంట కూడా లేదట. నేల ఎక్కడైనా అంత బుద్ధిగా ఉంటుందా? వాళ్ళు జీపు నీడలో ఒక కునుకు తీసి తిరిగొచ్చారని నా గట్టి అనుమానం. ఆ ఖాళీ నా సంతకంతో అచ్చయింది. అదే జీపును నేనే నడుపుకుంటూ పోయి అక్కడ ఏముందో చూసొస్తాను. అందుకే ఈ పట్టుదల.

అత్తయ్య


జత రెండు: రెండో ఏడాది, సెలవుల తర్వాత (నా నకలు)

హాస్టలు, చదువుకునే గది, కిటికీ బల్ల

నక్షాల మహారాణికి,

నేరాంగీకారంతో మొదలుపెడతాను. సెలవుల్లో నీకు సాయం చేద్దామన్న దుర్బుద్ధి పుట్టి, బోల్టుల డబ్బాలన్నిటినీ కిరసనాయిలుతో కడిగాను. మురికితోపాటు నువ్వు అంటించిన అంకెలు కూడా కొట్టుకుపోయాయి. నువ్వు మధ్యాహ్నం వరకు ఒక్కో డబ్బా ఎత్తి వెలుతురులో తిప్పి చూశావు. తిడతావేమోనని భయపడ్డాను. తిట్టకపోయేసరికి ఇంకా భయపడ్డాను. చివరికి, "కోడలు పిల్లా, శుభ్రత మంచిదే. ఇప్పుడు డబ్బాలు తళతళా మెరుస్తున్నాయి, జీపేమో బియ్యంలా కలిసిపోయింది" అన్నావు. ఆ వాక్యాన్ని నా చర్చా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

నీ రెండంగుళాల మీద నాకొక అభ్యంతరం ఉంది. అక్కడికి వెళ్ళాక చెట్టో గట్టో కనబడిందనుకుందాం. ఎవరిని నిలదీస్తావు? ఆ కునుకు తీసినవాళ్ళకు ఇప్పుడు మెలకువగా ఉండటమే కష్టం. నిజంగానే ఏమీ లేదనుకుందాం. ఏళ్ళ తరబడి తుప్పు గీకి ఏమీ లేనిచోటు చూడటానికి వెళ్ళినవాళ్ళుగా మనమిద్దరం చరిత్రలో నిలుస్తాం. రెండు విధాలా నవ్వులపాలే. అయినా వస్తాను. పటం నేను పట్టుకుంటాను.

ఇక్కడ డ్రైవింగు బడిలో చేరాను. మా గురువుగారు క్లచ్చు మీద కంటే నా నోటి మీదే ఎక్కువ శ్రద్ధ పెడుతున్నారు.

నీ
డబ్బాల శుభ్రకర్త


జత మూడు: రెండో ఏడాది చివర

షెడ్డు, కొత్త రేకు మీద కూర్చుని

కోడలు పిల్లకు,

నీ శుభ్రత వల్ల కలిసిపోయిన బోల్టులన్నీ, ఒక్కొక్కటీ బొమ్మతో పోల్చుకుని, వాటి వాటి డబ్బాలకు చేరాయి. పదకొండు వారాలు పట్టింది. దానికి నీకు కృతజ్ఞతలు చెప్పే మాట ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాను.

వెల్డరు మెరుపు వచ్చి నేల రేకు అతికిపోయాడు. కళ్ళకు అద్దం పెట్టుకోకుండా నిప్పురవ్వల్లోకి చూస్తాడని వీధి వీధంతా అతనికి ఆ పేరు పెట్టింది. "అద్దం పెట్టుకో" అని నేను కేకలేస్తే, "మీరు చూస్తున్నారుగా మేడమ్ గారూ, ఇద్దరం చూడ్డమెందుకు" అంటాడు. ఎడమ పక్కకు రంగు నేనే వేశాను. చివర జానెడు పట్టీ వదిలేశానట. "మేడమ్ గారూ, తుప్పు ఊపిరి పీల్చుకోడానికి కిటికీ పెట్టారా?" అన్నాడు. వెలుతురు సరిగా లేదని చెప్పాను. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. పాపం, వాదించలేదు.

ఈ మధ్య మన ఇంట్లో వస్తువులకు నడక వచ్చింది. నిన్న స్టూలు తనంతట తాను వచ్చి నా దారిలో నిలబడింది. మొన్న తలుపు గొళ్ళెం నా భుజం మీద పగబట్టింది. మీ నాన్న కమిలిన చోటు చూసి, "గొళ్ళేలతో కుస్తీ ఏమిటక్కా ఈ వయసులో" అన్నాడు. సైకిలు మెరుపుకు ఇచ్చేశాను, నడక ఆరోగ్యానికి మంచిదట. రోజూ మన మందుల దుకాణం దాటి, పెద్ద వీధి కూడా దాటి, అవతలి దుకాణం దాకా నడిచొస్తున్నాను. అక్కడ కుర్చీలు బాగుంటాయి.

నూట డెబ్బై నాలుగో బొమ్మ పంపుతున్నాను. కార్బరేటరు లోపలి సూది కూడా ఎంత సన్నగా వచ్చిందో చూడు. ఈ చెయ్యి ఇంకా పాడవలేదు.

అత్తయ్య


జత నాలుగు: నాలుగో ఏడాది, పోయిన సెలవులకు ముందు

షెడ్డు బయట

ప్రతిపక్ష నాయకురాలికి,

నిన్న ఇంజను పలికింది. మొదట తుమ్మింది, తర్వాత ఇరుగుపొరుగును తిట్టింది, ఆ తర్వాత కుదురుగా మాట్లాడటం మొదలెట్టింది. అచ్చం నువ్వే. మీ నాన్న దుకాణం మూసి మరీ పరిగెత్తుకొచ్చి, "ఇది బతికిందా?" అన్నాడు. నాలుగేళ్ళలో అతను వెటకారం లేకుండా అడిగిన మొదటి ప్రశ్న.

షెడ్డులోంచి గేటు దాకా నడిపాను. గేటు దగ్గర ఎడమ స్తంభం ముందుకొచ్చింది. మెరుపు "ఆపండి, ఆపండి, ఆపండి" అని మూడుసార్లు అరిచాడు. రెండోసారి వరకూ నన్ను కాదనుకున్నాను. ఎడమ మడ్‌గార్డు కాస్త లోపలికి పోయింది, స్తంభానికి ఏమీ కాలేదు. తప్పు చేసినవాళ్ళకు ఎప్పుడూ ఏమీ కాదు.

నువ్వొచ్చి మడ్‌గార్డు సాపు చేయి. దాని బొమ్మ కట్టలోనే ఉంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరదాం. నేను నడుపుతాను, నువ్వు పటం పట్టుకో.

అత్తయ్య


(మొదటి ఉత్తరం, కొనసాగింపు)

చదివావా? ఇప్పుడు విను.

వచ్చాను. మడ్‌గార్డు బొమ్మ కోసం కట్ట విప్పాను. రెండు వందల పదకొండు కాగితాలు, నీ నియమం ప్రకారం, ఒక్క అంకె తప్పకుండా. వాటి అడుగున రెండు వందల పన్నెండోది. అందులో బోల్టులు లేవు. పక్కపక్కనే రెండు దీవులు. ఒక్కో దీవికి మూడు ఒడ్డుగీతలు, ప్రతి గీత మీదా నీ చేత్తో వేసిన తేదీ. ఏటేటా నీళ్ళు పైకొచ్చి ఒడ్డు లోపలికి జరిగిపోతోంది. ఎడమ దీవి కుడిదానికంటే బాగా చిన్నది. ఇది ఏ ఊరి చెరువా అని తలబద్దలు కొట్టుకున్నాను. కాగితం తిప్పితే వెనక గుండుసూదితో కంటి ఆసుపత్రి చీటీ ఉంది.

ఆ దీవులు నీ రెండు కళ్ళ చూపు, మునిగిపోతున్నది పక్కచూపు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి కొరుక్కుతింటోంది. పోయింది తిరిగిరాదు, రోజుకు మూడుసార్లు చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలవవచ్చు. నడిమధ్యన మాత్రం చురుగ్గానే ఉంది. అందుకే కార్బరేటరు సూది వెంట్రుకలా గీయగలవు, గేటు స్తంభం మాత్రం ముందుకొస్తుంది. అందుకే స్టూళ్ళకు నడక వచ్చింది. అందుకే తమ్ముడి మందుల దుకాణం దాటి, కుర్చీలు బాగుండే దుకాణానికి పోతున్నావు.

ప్రపంచంలో ఎవరైనా తమ చూపు పోవడాన్ని కొలిచి, పటం గీసి, తేదీలు వేసి, వరస అంకె ఇచ్చి, దస్త్రంలో పెడతారా? నీ మీద కోపం రావడానికి ముందు నాకొచ్చింది గౌరవం. తర్వాత కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

నువ్వు రోడ్డు మీదికి వెళ్తున్నావు, అత్తయ్యా. స్తంభం నిలబడినచోట బడికి పోయే పిల్ల నిలబడి ఉంటే, "ముందుకొచ్చింది" అని ఎవరికి రాస్తావు? ఇది నేను నీ ముఖం మీద అడగాల్సింది. చర్చావేదికల మీద నోరు మూయించడమే వృత్తిగా పెట్టుకున్న నేను, నీ ఎదుట నోరు తెరవలేక, సాయంత్రం నువ్వు పటం మడత పెడుతుండగా డిస్ట్రిబ్యూటరు మూత ఎత్తి రోటరు జేబులో వేసుకున్నాను. దొంగతనం ఒప్పుకున్నాను. పిరికితనం కూడా దానికి కలుపుకో.

నాన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక రోడ్డు మీద నడపనని ఒక్క వాక్యం రాయి. రోటరు తెచ్చిస్తాను, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడుపుతాను.

నీ
రోటరు దొంగ


షెడ్డు

శ్రీమతి న్యాయమూర్తి గారికి,

వాదన బాగుంది. ఒక్కటే లోపం. నీ జతల్లో ఒకటి తగ్గింది. నకళ్ళు ఉంచుకునేదానివి, అది ఎలా తప్పిపోయిందో! పోనీలే, అసలు నా దగ్గరుంది. పోయిన ఏడాది నువ్వు రాసింది: "లైసెన్సు చేతికొచ్చింది. బండిని వెనక్కి నడిపిన తీరు చూసి పరీక్ష పెట్టినాయన ముగ్ధుడైపోయాడు."

ఎనిమిది నెలల కిందట మీ డ్రైవింగు బడి ఆయన ఇంటికి ఫోను చేశాడు. నేనే ఎత్తాను. "అమ్మాయి రెండుసార్లు తప్పిందండీ. ముందుకు బ్రహ్మాండంగా పోతుంది. వెనక్కి తిప్పమంటే నాతో వాదనకు దిగుతుంది. మూడోసారి వస్తుందా, రాదా?" అన్నాడు. వస్తుందని చెప్పాను. నీకు రాయలేదు, మీ నాన్నకు చెప్పలేదు. నువ్వే చెబుతావని చూశాను. ఇప్పుడు లెక్క చూడు: నాకు చూపు లేదు, నీకు లైసెన్సు లేదు. ఇద్దరినీ కలిపి కుట్టినా ఒక డ్రైవరు తయారవడం లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడుపుతావట. ఏ కాగితం చూపించి?

ఇక విను. నీ ఉత్తరం నిన్న సాయంత్రం మీ నాన్నకూ మెరుపుకూ చదివి వినిపించాను. నేనే చదివాను, ఒక్క వాక్యం దాటేయలేదు. నువ్వు దాచావు కాబట్టి బయటపెట్టే గౌరవం నాకు మిగిలింది, దానికి మాత్రం థాంక్స్. మీ నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అతను జోకు వేయని నిమిషం నేను చూడటం అదే మొదలు. చివరికి, "ఏ చుక్కలక్కా?" అన్నాడు.

పేరు చెప్పాను.

"అవి మన దుకాణంలోనే ఉన్నాయి కదే."

"తెలుసురా."

"రెండేళ్ళు పెద్ద వీధి దాటి వెళ్ళావా? ఆ లారీల మధ్య? ఆ చూపుతో?"

"కుర్చీలు బాగుంటాయిరా" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. లేచి వెళ్ళి స్కూటరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మెరుపు మాత్రం రంగు పట్టీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "మేడమ్ గారూ, ఇది కూడా అందుకేనా?" అవునన్నాను. "నేను కిటికీ అని ఎగతాళి చేశాను." "బాగుంది కదా ఆ మాట, ఉంచుకో" అన్నాను. పొద్దున వచ్చినప్పుడు అతని ముఖానికి వెల్డింగు అద్దం ఉంది. నాలుగేళ్ళు కేకలేసినా జరగనిది.

ఎందుకు దాచానో అడగలేదు నువ్వు. బండి అమ్మేస్తారని కాదు. పక్క సీటు చూపిస్తారని. "మీరెందుకండీ" అని ఈసారి ప్రేమగా అంటారని. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట మర్యాదగా విన్నాను. ప్రేమగా వింటే తట్టుకోలేను.

సరే, రాస్తున్నాను. రోడ్డు మీద నడపను. ఆ పిల్ల గురించి నువ్వు రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదివాను. కానీ ఏడో నంబరు పటం మడత పెట్టి అటకెక్కించమంటే మాత్రం ఒప్పుకోను. రోటరు నీ దగ్గరే ఉంచుకో. తీర్పు రాసి పంపు, మీ నాన్న చదువుతాడు, అందరం వింటాం.

అత్తయ్య


హాస్టలు, మెట్ల పక్క గది

షెడ్డులో కూర్చున్న సభకు,

నాన్నా, ఇది నిలబడి చదువు. గొంతు సవరించుకుంటూ వాక్యాలు మింగకు.

ముందుగా ముద్దాయి వాంగ్మూలం. లైసెన్సు గురించి అబద్ధం రాశాను. రెండుసార్లు తప్పాను. బండిని వెనక్కి తిప్పమంటే నాకు అదేదో ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఆ రోగం చర్చల్లో బహుమతులు తెచ్చిపెట్టింది, పరీక్ష మైదానంలో మాత్రం రెండు ప్లాస్టిక్ స్తంభాలను పడగొట్టింది. అవి ముందుకొచ్చాయని నేనూ చెప్పి చూశాను. పరీక్ష పెట్టినాయన నమ్మలేదు. వచ్చే నెల మూడోసారి వెళ్తున్నాను. లైసెన్సు రాకుండా ఆ జీపును రోడ్డు మీదికి తీయను. ఇంతటితో నా శిక్ష పూర్తయింది, ఇక తీర్పుకు వస్తాను.

అత్తయ్యా, పక్క సీటు నీకు శిక్షగా వేయనని మాట ఇస్తున్నాను. ఇంటి నుంచి కొండ దాకా మాత్రం అక్కడ కూర్చోక తప్పదు. అది శిక్ష కాదు, రోడ్డు. దారంతా నా గేర్లను తిట్టే హక్కు నీది. ఇంజను చప్పుడు విని ఏ గేరు తప్పో చెప్పగలవని మెరుపు చాలాసార్లు అన్నాడు. నాకు ఎలాగూ గురువు కావాలి, పాత గురువుగారు విశ్రాంతి అడుగుతున్నారు.

కొండ దాటాక ఏముంది? ఏడో నంబరు పటం చూడు. అంగుళానికి మైలు. రెండంగుళాలు, అంటే రెండు మైళ్ళ నేల. చెట్టు లేదు, గట్టు లేదు, గోడ లేదు, ఒక్క గుంట కూడా లేదు. పక్కచూపుతో పనిలేని చోటు ఈ భూమి మీద ఒకటుందని, నేను పుట్టకముందే నువ్వు సంతకం చేసి పెట్టావు. దాన్ని నిందిస్తూ నాలుగేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నావు. అక్కడ బండి దిగి సీట్లు మారుదాం. స్టీరింగు నీది. నీకు ఎడమ పక్కన ఏముందో నేను చెబుతాను, కుడి పక్కన ఏముందో కూడా నేనే చెబుతాను. జీవితంలో ఒక్కసారైనా నేను చెప్పింది నువ్వు వింటావు.

అయితే మీ ఆఫీసు మగవాళ్ళ మాట నేను గుడ్డిగా నమ్మను. ముందు అందరం ఆ రెండు మైళ్ళూ కాలినడకన వెతుకుతాం. వాళ్ళు నిజం రాసి ఉంటే నువ్వు నడుపుతావు. కునుకు తీసి వచ్చారని తేలితే, అక్కడున్న చెట్టునో గుంటనో నువ్వు ఆ పటంలో నీ చేత్తో గీస్తావు, రెండు వందల పదమూడో కాగితంగా. తర్వాత నిజంగా ఖాళీగా ఉన్న ఇంకో చోటు వెతుకుదాం. ఈ లోకంలో ఏమీ లేనిచోట్లకు కొరతా?

రోటరు నా బల్ల మీద ఉంది. కిటికీ గాలికి ఈ కాగితం మూల లేవకుండా దాన్నే పెట్టి రాస్తున్నాను. ఇంత చిన్న వస్తువు అంత పెద్ద బండిని ఎలా ఆపిందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆపింది నిన్నొక్కదాన్నే కాదు. మూడు నెలలుగా నేను కూడా ఎక్కడికీ కదల్లేదు.

ఇక సభ్యుల వంతు.

నాన్నా, రోజుకు మూడుసార్లు ఆ చుక్కలు నీ చేత్తో వేయి. దుకాణంలో నాలుగు మంచి కుర్చీలు కూడా వేయించు, ఆవిడకు వేరే సాకు దొరక్కూడదు. ఆరు నెలలకొకసారి ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్ళాలి. తిరిగొచ్చాక కొత్త ఒడ్డుగీత ఆవిడ గీస్తుంది, నువ్వు పక్కనే కూర్చుని చూడాలి. జోకులు మానకు. నువ్వు జోకు వేయకపోతే తన పరిస్థితి నిజంగానే బాగాలేదనుకుంటుంది.

మెరుపు గారూ, అద్దం పెట్టుకున్నారని విన్నాను, సంతోషం. రంగు వేయని ఆ జానెడు పట్టీ జోలికి మాత్రం పోకండి, అది అలాగే ఉండాలి. మీకు ఇంకో పని ఉంది. గేటు ఎడమ స్తంభం పడగొట్టండి. పునాదితో సహా తీసేయండి, దారి రెట్టింపు వెడల్పు కావాలి.

అత్తయ్య కోసం అనుకుంటున్నారేమో. ఆ గేటులోంచి బండిని వెనక్కి తిప్పబోయేది నేను. రైలు దిగేసరికి అక్కడ స్తంభం కనబడకూడదు.